గంటల పుస్తకంలో రాయని పని

781వ రోజు

గంటల పుస్తకం వేరే ఉంది. అది ఓడకి వెళుతుంది. ఇది ఎక్కడికీ వెళ్ళదు. గంటల పుస్తకాలు పంచే ఎస్తేరు పొరపాటున రెండు ఇచ్చింది. ఒకటి మిగిలింది కదా అని రాస్తున్నాను.

మా ఆవిడ రత్నం వెళ్ళి ఈ రోజుకి ఏడు వందల ఎనభై ఒక్క రోజు.

తెల్లవారకముందే లేచి మంచు వలలు దులిపాను. మా తాతలు ఈ వలలతో చేపలు పట్టేవారు. సముద్రం ఊరి మీదకి వచ్చి, బావులన్నీ ఉప్పయ్యాక, మేము వాటిని ఇంటి చుట్టూ గుంజలకి కట్టి మంచు పడుతున్నాం. మొదట కారే నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పారబోయాలి. తర్వాతవి వెదురు దోనెలోంచి బిందెలోకి వస్తాయి. ఎండ తగిలేలోపు అయిపోవాలి. నాకు రెండు బిందెలు నిండాయి. రత్నానికి మూడు నిండేవి. వల దులిపే ఒడుపు ఒకటి ఉంది. అది నాకు ఇంకా రాలేదు.

ఏ దేశానికీ చెందని నీళ్ళలో ఒక పెద్ద ఓడ తిరుగుతూ ఉంటుంది. మా ఊళ్ళో దాన్ని మాటల ఓడ అంటారు. ఆడవాళ్ళ పనికీ వాళ్ళ హక్కుకీ అన్ని దేశాలూ కలిసి ఒకే కాగితం రాసుకోవాలని అందులో కూర్చున్నారు. అందరూ ఒప్పుకునేదాకా ఎవరూ దిగకూడదు. దిగితే ఆ కుర్చీ పోతుంది. ప్రతి తీరం నుంచీ పని చేసుకుని బతికే ఒక ఆడమనిషిని చీటీ తీసి పంపారు. మా తీరానికి రత్నం పేరు వచ్చింది. కాకినాడ దాటి ఎరగని మనిషి.

పడవలో కూర్చున్నాక, "నేనెల్లేది మాట్టాడ్డానికి బావా. నాకొచ్చిందే అది. ఇక్కడ మాట్టాడితే నువ్వొక్కడివే ఇంటావు," అంది.

ఓడెక్కిన మనిషి పని ఇంట్లో ఎవరి మీద పడితే వాళ్ళు రోజూ గంటలు రాయాలి. ముందు గోడకి యంత్రాలు పెట్టారు. కదిలితేనే పని అని వాటి లెక్క. జ్వరం మనిషి పక్కన రెండు గంటలు కూర్చుంటే సున్నా చూపించేవి. యంత్రం లెక్క చెల్లదు, మనిషి చేత్తో రాసిందే చెల్లుతుంది అని ఓడలో తీర్మానించారు. ఇరవై ఆరు నెలల్లో గొడవ లేకుండా అందరూ ఒప్పుకున్నది అదొక్కటే.

ఈ రోజుది రాశాను. వలలు, నీళ్ళు: గంటన్నర. వంట: గంట. గిన్నెలు, ఇల్లు: ముప్పావు గంట. మొత్తం మూడుంపావు.

అత్త సంగతి రాయలేదు. ఏ రోజూ రాయను.

782వ రోజు

అత్త సంగతి ఇక్కడైనా రాయాలి.

అత్త అంటే రత్నం తల్లి. ఎనభై నాలుగేళ్ళు. మేనమామ భార్య కాబట్టి చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిందే. అల్లుణ్ణి అయ్యాక మాత్రం నా ఎదుట పడలేదు. నేనొస్తే పైట తల మీదకి లాక్కుని తలుపు చాటుకి వెళ్ళేది. నాతో చెప్పాల్సింది రత్నంతో చెప్పేది. ఇప్పుడు రత్నం లేదు కాబట్టి గుమ్మంతో చెబుతుంది. "గుమ్మమా, అల్లుడు గంజి తాగాడో లేదో" అంటుంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

రత్నం వెళ్ళిన మూడో నెలలో అత్త ఇళ్ళ మధ్య కర్రల వంతెన మీద జారిపడింది. నడుము పోయింది. మళ్ళీ లేవలేదు. రత్నానికి తెలిస్తే ఓడ దిగి వచ్చేస్తుందని, చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. గుమ్మాన్ని సాక్షిగా పెట్టుకుని వేయించుకుంది.

ఆరు నెలలు చివరింటి గంగమ్మ వచ్చి నీళ్ళు పోసింది. తర్వాత గంగమ్మ మొగుడు ఆమెకి చెప్పకుండా నాచు పెంచుకునే తెప్ప అమ్మేసుకుని పోయాడు. తెప్ప మగాడి పేరునే ఉంటుంది మా దగ్గర. గంగమ్మ మూట కట్టుకుని గట్టు మీద ఊళ్ళకి వెళ్ళిపోయింది.

రెండు రోజులు అత్త ఒంటి మీద నీళ్ళు పడకుండా ఉంది. మూడో రోజు నేను వేడినీళ్ళు తెచ్చి పెట్టాను. అత్త గోడ వైపు తిరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఏడాదిన్నరగా అలాగే జరుగుతోంది. చెంబు ఎక్కడుందో, భుజం ఎక్కడుందో, చూడకుండా తెలుసు.

అల్లుడి చేత నీళ్ళు పోయించుకుందని ఊళ్ళో తెలిస్తే బతకనంది. గంటల పుస్తకంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఇంకొకరి సాయం లేనిదే గడవని మనిషి ఇంట్లో ఉన్నారా అని. లేరు అని రాశాను. వారం వారం రాస్తున్నాను.

784వ రోజు

ఎస్తేరు వచ్చింది. ఏడు రోజులకోసారి చప్పుడు లేని పడవలో వచ్చి పేజీలు పట్టుకెళుతుంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎప్పుడూ పరుగు మీద ఉంటుంది. ఈ రోజు మాత్రం మెట్టు మీద కూర్చుంది.

"బాబాయిగారూ, ఒక మంచి మాట చెప్పనా. అయిపోవచ్చిందండి."

"ఏటమ్మా?"

"ఓడలో మాటలండి. పదకొండో అంశం ఒక్కటే మిగిలింది. పున్నమికి సంతకాలు పెట్టేస్తారంటున్నారు. ఓడ మన వైపు తిరగడానికి ఇంకో ఇరవై రోజులు. ఆ పైన పిన్నిగారి చేతి వంటే మీకు."

నేను ఆఁ అన్నాను. అంతకంటే రాలేదు. లోపలికి వెళ్ళి బిందె మీద మూత పెట్టాను. మూత ముందే ఉంది. తీసి మళ్ళీ పెట్టాను.

పదకొండో అంశం ఏమిటో ఎస్తేరు ఇంతకుముందే చెప్పింది. ఇంటి పని కూడా పనే అని ఒప్పుకున్నారు. ఎంత పని అన్న దగ్గర ఆగింది. రోజుకి మూడు గంటలు అయితే ఆడమనిషికి తెప్పలో పావు వాటా. ఆరు దాటితే సగం. పావు వాటాకి నోరు ఉండదు. మగాడు అమ్మేస్తే వద్దని ఆపడానికి సగం ఉండాలి. ఇన్ని తీరాల గంటల పుస్తకాలు అందుకే.

పడవ వెళ్ళాక లోపల నుంచి అత్త అంది. "గుమ్మమా, అమ్మాయి వత్తందంటనా?"

"వత్తందంట," అన్నాను.

అత్త ఆ పూట రెండు రొట్టెలు తింది.

786వ రోజు

నెలకి ఒకసారి మాట పెట్టెలో రత్నం మూడు నిమిషాలు మాట్లాడుతుంది. ఓడలో జరిగేవి చెప్పకూడదు. ఇంటి సంగతులే. ఏమేం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకుంటాను. ఈసారి ఏడు రాసుకున్నాను. నాలుగో వల చిరిగితే కుట్టిన సంగతి ఒకటి. మన గుంజకి ఆల్చిప్పలు పట్టిన సంగతి ఒకటి.

"బావా, ఉన్నావా?"

"ఆఁ."

"తిన్నావా?"

"ఆఁ."

"ఒక్క ముక్క ఎక్కువ మాట్టాడితే పన్నేత్తారేటి నీకు?"

నవ్వాను. నవ్వు పెట్టెలోంచి వెళ్ళిందో లేదో తెలియదు.

రత్నం గొంతు అలిసినట్టు ఉంది. "అమ్మ కర్రట్టుకుని నడుత్తందా?" అంది. పెట్టె తీసుకెళ్ళి అత్త చెవి దగ్గర పెట్టాను. "నడవకేటే, ఇప్పుడే వంతెన దాకా ఎల్లొచ్చాను," అంది అత్త, మంచం మీద నుంచి.

తర్వాత, "బావా. నువ్వు సేసే పనంతా రాత్తన్నావా?" అంది రత్నం.

"రాత్తన్నాను."

"అంతా?"

"అంతా."

సమయం అయిపోయింది. ఏడింటిలో ఒకటీ చెప్పలేదు. అబద్ధానికి మాత్రం మాటలు సరిపోయాయి.

రత్నం చేపని కోసేటప్పుడు దానితో తగువు పెట్టుకునేది. "ఇంత పొలుసేంటే నీకు, పెళ్ళికెల్తన్నావా" అనేది. నిన్న పండుగొప్ప దొరికింది. కోస్తూ ఏమైనా అందామని చూశాను. చేప నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. అంతే.

790వ రోజు

నాచు కోతకి బుల్లియ్యతో తెప్ప మీదకి వెళ్ళాను. బుల్లియ్యా నేనూ ఒకే బళ్ళో అయిదో తరగతి దాకా చదివాం. ఆరో తరగతి నాటికి బడి నీళ్ళలో ఉంది.

"ఒరే బైరవా, నువ్వు సామాన్యుడివి కాదురా," అన్నాడు.

"ఏం?"

"రేవులో పలక మీద ఓడ సంగతులు ఏశారు, సూళ్ళేదా? మన తీరం పుస్తకం సూపించి, సూడండి, ముసలోడొక్కడు మూడుంపావు గంటల్లో ఇల్లు ఎల్లదీత్తన్నాడు, ఆరు గంటలెక్కడివి అంటన్నారంట. మన తెప్పల్ని కాపాడావు. పావు వాటాతో పోద్ది గొడవ."

నేను కొడవలి కడుగుతూ ఉండిపోయాను.

"అయినా మూడు గంటలేటిరా," అన్నాడు మళ్ళీ. "మా ఇంట్లో అది పొద్దున లేచిన కాడ్నించీ గింగిరాలు తిరుగుతానే ఉంటాది. నువ్వు సేత్తే మూడు గంటల్లో అయిపోద్దా? అట్లకాడ పట్టిన సెయ్యి బాగుంది నీది."

"మా ఇంట్లో ఇద్దరమే కదా."

"అదీ నిజమే. మీ అత్త పని మీ అత్త సేసుకుంటాది. గట్టి మనిషి."

అవునన్నాను.

793వ రోజు

తన రోజు కాకపోయినా ఎస్తేరు వచ్చింది. అత్త పక్క గుడ్డలు ఉతికి వెనక తీగ మీద ఆరేస్తున్నాను. పడవ చప్పుడు చేయదు కదా, చూసుకోలేదు.

ఎస్తేరు గుడ్డల వైపు చూసింది. ఒకటీ రెండూ కాదు, తీగ నిండా ఉన్నాయి. ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూసింది.

"మామ్మగారు మంచం మీద ఉన్నారాండి?" అంది మెల్లిగా.

నేను తల ఊపాను.

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"ఎవరు చూస్తున్నారండి?"

చేతిలో ఉన్న గుడ్డ పిండాను. అది ముందే పిండి ఉంది.

ఎస్తేరు మెట్టు మీద కూలబడింది. తర్వాత చెప్పింది. ఓడలో ఆరు గంటలు వద్దనేవాళ్ళు వేరే పుస్తకాలన్నీ వదిలేసి నా పుస్తకమే పట్టుకున్నారట. పిన్నిగారు లేచి ఇంటి పని గురించి మాట్లాడబోతే, అమ్మా, ఇది మీ ఇంటి పుస్తకమే కదా, మీ ఆయన రాసిందే కదా, అని కూర్చోబెడుతున్నారట. మూడు సార్లు అలా అయిందట. నాలుగోసారి ఆమె లేవలేదట.

రత్నం లేవలేదట. ఆ మాట నన్ను పట్టుకుంది. నలుగురున్న చోట రత్నం లేవకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"దిద్దుకోవడానికి వీలుందండి," అంది ఎస్తేరు. "నేను మామూలుగా వచ్చే రోజుకి ఇస్తే చాలు. అయిదు రోజులుంది. దిద్దితే పదకొండో అంశం మళ్ళీ తెరుస్తారు. వానలు వెళ్ళాక గాని కూర్చోరు. ఎనిమిది నెలలు."

"దిద్దకపోతే?"

"పున్నమికి సంతకాలు. పిన్నిగారు వచ్చేస్తారు."

"నువ్వేమంటావమ్మా?"

"నేను అనకూడదండి. పేజీలు పట్టుకెళ్ళడమే నా పని." పడవలోకి దిగి, తాడు విప్పుతూ ఆగింది. "యంత్రానికి కనపడదనే కదండి, మనిషి చేతికి పుస్తకం ఇచ్చాం."

794వ రోజు

ఏ పనీ తిన్నగా సాగలేదు. మంచు దులపడం ఆలస్యమై ఎండ వచ్చేసింది. ఒక్క బిందే నిండింది.

ఒట్టు వేశాను కదా అనుకున్నాను. అత్త పరువు కదా అనుకున్నాను. రెండూ నిజమే. ఆ రెంటి వెనక ఇంకొకటి నిలబడి ఉంది. రత్నం రావాలి. నాకు అరవై ఆరు. ఎనిమిది నెలలంటే చిన్న మాట కాదు. పావు వాటాయే రానీ, రత్నం వస్తే చాలు అనిపించింది.

ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. అదీ రాస్తాను. దిద్దితే అత్త సంగతి రత్నానికి తెలిసిపోతుంది. తెలిస్తే కుర్చీ వదిలేసి దిగి వచ్చేస్తుందేమో. అప్పుడు నేను నిజమూ చెప్పినట్టు ఉంటుంది, రత్నమూ వచ్చినట్టు ఉంటుంది. ఆ ఆలోచన కాసేపు బాగుంది. తర్వాత సిగ్గేసింది.

గంగమ్మ మూట గుర్తొచ్చింది. చిన్న మూట. నలభై ఏళ్ళు నాచు కోసిన మనిషి మూట అంతేనా అనుకున్నాను ఆ రోజు. అనుకుని ఊరుకున్నాను.

795వ రోజు

గంజి పెట్టాక అత్తకి చెప్పాను. గుమ్మం వైపు చూస్తూ చెప్పాను. పుస్తకం సంగతి, ఓడలో రత్నాన్ని కూర్చోబెట్టిన సంగతి, పున్నమి సంగతి, ఎనిమిది నెలల సంగతి. నేను అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ చెప్పలేదు. మధ్యలో నీళ్ళు తాగాను.

అత్త గోడ వైపు తిరిగింది. మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం తినలేదు.

796వ రోజు

అత్త మాట్లాడలేదు. గుమ్మంతో కూడా.

797వ రోజు

నీళ్ళు కాచి తెచ్చాను. మామూలుగానే కళ్ళు మూసుకుని, రెండో చెంబు పోస్తుండగా అత్త మాట్లాడింది.

"బైరవా."

పెళ్ళయిన నలభై ఏళ్ళలో అత్త నన్ను పేరుతో పిలవలేదు.

"కళ్ళు తెరువు."

"వద్దత్తా."

"తెరవమన్నానా. మసిలే నీళ్ళ కాడ కళ్ళు మూసుకునే మొగాణ్ణి నిన్నే సూశాను. ఇన్నాళ్ళూ కాల్చకుండా పోశావంటే అది దేవుడి దయ."

తెరిచాను. అత్త జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎప్పుడూ పైట ముసుగులోనే ఉండేది, అది నాకు తెలియదు.

"అమ్మాయిని పున్నమెల్లాక సూసుకుందామనుకున్నాను," అంది. "ఎనిమిది నెల్లుంటానో ఉండనో నాకు తెల్దు."

"దిద్దనులే అత్తా."

"నీ కోసమా, నా కోసమా?"

నేను చెంబు మళ్ళీ నీళ్ళలో ముంచాను.

"నా కూతురు నలుగుర్లో లెగిస్తే కూకోమన్నారా?"

"అన్నారంట."

"మూడు సార్లా?"

"ఆఁ."

అత్త కాసేపు తడి చేతుల వైపు చూసుకుంది. "నువ్వు దిద్దితే అత్త పరువు తీసిన అల్లుడివవుతావు. అందుకని నేను సెప్తాను, నువ్వు రాయి. కింద నేను ఏలేత్తాను. సిగ్గు నాది. దాన్నేం సేసుకోవాలో నేను సూసుకుంటాను."

"అత్తా..."

"ఎనభై నాలుగేళ్ళు సేశాను బైరవా. మా మామకి సేశాను, మీ మావకి సేశాను. నేను సేసిందెవడూ రాయలేదు. సేయించుకున్నదైనా రాయి. నీళ్ళు సల్లారిపోతన్నాయి, ముందు పొయ్యి."

798వ రోజు

పొద్దున కూర్చుని రాశాం. అత్త చెప్పింది, నేను రాశాను.

నీళ్ళు పోయడం, గుడ్డలు ఉతకడం: గంటన్నర. మూడు పూటలా తినిపించడం: గంట. పక్క మార్చడం, ఒత్తిగిలించడం, నూనె రాయడం: గంట. పక్కన కూర్చోవడం: గంటన్నర.

"కూకోడం రెండు గంటలెయ్యి," అంది అత్త.

"గంటన్నరే అత్తా."

"నువ్వు కునికిపాట్లు పడే అరగంటో?"

"అది పనెలా అవుద్ది?"

"నువ్వు కునికితే నేను సూత్తా కూకున్నాను. నా అరగంట ఎయ్యి."

వేయలేదు. కాసేపు అలిగింది. పాతవీ కొత్తవీ కలిపితే ఎనిమిదుంపావు గంటలు. ఇంకొకరి సాయం లేనిదే గడవని మనిషి ఇంట్లో ఉన్నారా అన్న చోట "లేరు" కొట్టేసి "ఉన్నారు" అని రాశాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో కింద రెండు ముక్కలు రాయాలి. అక్కడ ఆగిపోయాను. అత్త చెప్పింది. "అత్తకి సిగ్గు, అల్లుడికి సిగ్గు, అందుకని రాయలేదు అని రాయి. ఓడలో ఆడాళ్ళకి అర్థమవుద్ది." అదే రాశాను. అత్త వేలిముద్ర వేసింది. ఎక్కువ సిరా అద్దింది.

ఎస్తేరు పేజీ చదివింది. గదిలోకి వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఇది రేవులో పలక మీద కూడా పడుతుంది మామ్మగారూ. అందరూ చదువుతారు. ఫరవాలేదాండి?"

"నాకు అచ్చరాలు కనపడవు. నేను సదవను కదా," అంది అత్త.

పడవ వెళ్ళిపోయింది. మలుపు దగ్గర పిలుద్దామనుకున్నాను. పిలిస్తే ఆగేది. నోరు తెరిచాను కూడా. అత్త లోపల దగ్గింది. లోపలికి వెళ్ళాను.

805వ రోజు

పున్నమి. సంతకాలు జరగలేదు.

పొద్దున మంచు బాగా పడింది. రెండున్నర బిందెలు.

814వ రోజు

పలక మీద వచ్చింది. బుల్లియ్య గట్టిగా చదవడం మొదలుపెట్టి, వేలిముద్ర దగ్గరకి వచ్చేసరికి గొంతు తగ్గించేశాడు. పదకొండో అంశం తెరిచారు. ఆరు గంటల మాట మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. వానలు వెళ్ళాక కూర్చుంటారు. మా పేజీ ఓడలో చదివి వినిపించాక, ఇంకో పందొమ్మిది తీరాల నుంచి పుస్తకాలు దిద్దుకుంటామని కబురు వచ్చిందట. ఎవరెవరు ఏమేం దాచారో.

రేవులో పదిహేను మంది ఉన్నారు. ఎవరూ నా వైపు చూడలేదు. అంత మంది చూడకపోవడం కూడా బరువుగానే ఉంటుంది. నేను వచ్చేస్తుంటే బుల్లియ్య వెనకే వచ్చాడు.

"నాకైనా సెప్పలేదేంరా?"

"ఎలా సెప్పను?"

"అదీ నిజమే." వంతెన సగం దాకా నాతో నడిచాడు. "మా అమ్మకి మా ఆడదే పోసేది. ఐదేళ్ళు. ఎలా పోసేదో నేనొక్కనాడు సూళ్ళేదు." కొంచెం ఆగి, "నీ మూలంగా నా తెప్పలో సగం పోయేలా ఉందిరా. పలక సదివిన కాడ్నించీ మా ఆడది తెప్పని కళ్ళతో కొలుత్తంది," అన్నాడు.

"నీకు కోపమా?"

"కోపమే. రేపు కోతకి పెందలాడే రా."

816వ రోజు

మాట పెట్టె రోజు. ఈసారి కాగితం రాసుకోలేదు. అత్త మంచం పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను.

"బావా," అంది రత్నం.

తర్వాత ఊపిరి మాత్రం వినిపించింది. అత్త నా చేతి మీద చెయ్యి వేసింది.

"ఎప్పుడు మంచాన పడింది?"

"నువ్వెల్లిన మూడో నెల."

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నానే," అంది అత్త. ఈసారి వంతెన మాట ఎత్తలేదు.

మళ్ళీ ఊపిరి. రత్నం మాటలు వెతుక్కోవడం నేను అంతకుముందు వినలేదు. తర్వాత అంది. "దిగనా బావా?"

నా గొంతులో ఒక్క మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆఁ. అంటే చాలు. ఇరవై రోజుల్లో రత్నం మెట్ల దగ్గర ఉంటుంది. అత్త నా వైపు చూడలేదు. చెయ్యి తీయలేదు.

"వద్దు," అన్నాను.

పెట్టెలో ఏదో చప్పుడైంది. ఏడుపో, ముక్కు చీదడమో. రత్నం ఇంక మాట్లాడలేదు. మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడాను.

"మీ అమ్మకి నీళ్ళెలా పోత్తానో సెప్తాను, ఇను. ముందు మోచేత్తో నీళ్ళు సూత్తాను. వేలితో సూత్తే తెలీదు, నా వేళ్ళకి ఉప్పు కాయలు. రెండు దిళ్ళెట్టి మెల్లిగా లేపుతాను. ఒకేసారి లేపితే కళ్ళు తిరుగుతాయంటాది. ఎనకాల నేను కూకుంటాను, నా గుండెకి ఆనుకుంటాది. ముందు తల. కుంకుడు లేదు కదా, నాచు జిగురే రుద్దుతాను. గట్టిగా రుద్దితే తిడతాది, మెల్లిగా రుద్దినా తిడతాది. జుట్టంతా తెల్లగా అయిపోయింది రత్నం, మొన్ననే సూశాను. నురగ కళ్ళలోకి రాకుండా నుదుటి మీద సెయ్యి అడ్డమెడతాను. తర్వాత సెవులు. ఎడం సెవిలో నీళ్ళు పడితే నొప్పంట, నీకు తెలుసా అది? దూది ఉండలా సేసి..."

పెట్టె ఆగిపోయింది.

ఎంతసేపు మాట్లాడానో తెలియలేదు. నోరు ఎండిపోయింది. అత్త కళ్ళు తుడుచుకుని, "మధ్యలో ఆపేశావేం?" అంది.

"టైమైపోయింది అత్తా."

భుజాలు, వీపు, కాళ్ళు ఇంకా చెప్పలేదు. వచ్చే నెల చెవి దగ్గర నుంచి మొదలుపెడతాను.